మూడో రాత్రి

బంగారుపాళెం దాటి, మొగిలి ఘాటు ఎక్కకముందే
ఎడమకు తిరిగితే దేశమ్మ కయ్య.
ఎకరా ముప్పై సెంట్లు.
చెరుకు కొట్టేసిన ఆ నేలలో
ఈసారి అమ్మే పంటేమీ లేదు.
జనుము, పిల్లిపెసర, అలసంద, నాలుగు గుప్పిళ్లు ఉలవలు.
"తినేదానికా, అమ్మేదానికా?" అని అడిగినోళ్లకు
"కప్పుకునేదానికి" అంటుంది.
"మనకొక దుప్పటి ఉండాల, మట్టికొద్దా?"

నలభై మూడో రోజు
కొలత తీసుకుపోవడానికి నేనొచ్చాను,
వీపున నల్లపెట్టె, చేతిలో ట్యాబు,
తిరుపతిలో పది రోజుల శిక్షణ.
గెనిమి మీద చెప్పులు విప్పి నిలబడ్డాను,
ఎందుకో తెలీదు.
చెప్పులతో ఎగరేయకూడదని ఎవరూ చెప్పలేదు.

రెక్కలు తిరగ్గానే
పక్క మామిడితోపులోంచి పిల్లోళ్లు పరిగెత్తుకొచ్చారు:
"అక్కా, ఏనుగులొచ్చినాయా?"
వాళ్లెరిగిన డ్రోను ఏనుగుల్ని వెతికేదే.
కాదురా, పచ్చిరొట్ట చూసేదానికి అంటే
మొహాలు వేలాడేసుకుని పోయారు.
ఒకడు మాత్రం మిగిలాడు
ముక్కు చీదుకుంటూ, బ్యాటరీ ఎంతుందో చదువుతూ.

అరవై మీటర్ల పైన
జనుముకు వాసన లేదు.
పూత మీద తుమ్మెద లేదు.
పిల్లిపెసర తీగ
జనుము కాడను పట్టుకుని ఎగబాకడం లేదు.
పచ్చకొక అంకె, బోడిమట్టికొక అంకె,
మధ్యలో పసుపూ నారింజా.
దిగేటప్పుడు మాత్రం దాని గాలికి
కయ్యంతా ఒకసారి వంగి లేచింది.

దేశమ్మ కొంగు ఎండకు అడ్డం పట్టి చూసింది.
ఎర్రటి గుండ్రటి మచ్చ మీద వేలు పెట్టింది.
"ఇది మా మామ గానుగ పొయ్యి.
ఇరవై ఏండ్లు బెల్లం కాగింది ఈడ.
పీకేసి పదేండ్లాయ, ఇంకా కాలినట్టే ఉండాదే."
ఆ మాట రాయడానికి నా ఫారంలో గడి లేదు.
'మొలక తక్కువ, కారణం తెలియదు' అని ఉంది.
'తెలియదు' కొట్టేశాను.

తర్వాత ఆమె వేలు
ఉత్తరం గెనిమి వైపు జరిగింది.
అక్కడ, చుట్టూ ఉన్న పచ్చకంటే చిక్కటి పచ్చ,
చదరంగా, పక్కపక్కన రెండు,
తాడు కట్టి గీసినట్టు.
నేను నోరు తెరిచేలోపే
ఆమె పెదవులు లెక్కపెడుతున్నాయి.

"గొర్రిమంద," అంది.
"మొగిలప్పవి. ఉగాదికి ముందు పెట్టించినా.
మూడు రాత్రులకు దుడ్డు తీసుకున్నాడు.
ఇంకోటి యాడ?"

రెండు వేళ్లతో బొమ్మను లాగింది, నాకంటే బాగా.
దొరికింది మూడోది.
గెనిమి అవతల,
మరిది చెంగల్రాయుడి బీడులో,
ఎవరూ ఏమీ చల్లని చోట,
వట్టి గరికే. అయినా చదరంగా.

ఫోను చేసింది. స్పీకరు పెట్టింది, నేను సాక్షినని.
అవతల మెడగంటలు, గాలి, దగ్గు.
"ఆ పొద్దు నీ కయ్యలో నీళ్లు నిలిచుండె కదక్కా..."
"ఉగాదికి ముందు వాన యాడదిరా?"
కొంచెంసేపు గంటలే మాట్లాడాయి.
"పైనుంచి చూసినావా?"
"పైనుంచే."
"దేవుడొక్కడే అనుకుంటి గానీ..." అని నవ్వాడు.
ఆమె నవ్వలేదు.
జనుము దున్నేసినాక ఒక రాత్రి బాకీ అని ఒప్పించి, పెట్టేసి,
అప్పుడు నవ్వింది.

ఆఫీసుకు పంపే బొమ్మలో
సరిహద్దు బయట ఉన్నదంతా కత్తిరించాలి.
కత్తిరించాను.
సగటు సున్నా పాయింట్ ఆరు ఎనిమిది, పెరుగుదల తృప్తికరం.
మూడో రాత్రి ఆ లెక్కలో లేదు.

తలెత్తేసరికి దేశమ్మ
నడుం మూటలోంచి మిగిలిన ఉలవలు తీసి
నడుముదాకా వచ్చిన జనుములోకి దిగింది.
ట్యాబు చూసుకుంటూ కేకేశాను:
"ఇంకో నాలుగడుగులు కుడికమ్మా, పొయ్యి ఆడుంది."
"నాకు తెల్దా," అంది
వెనక్కి తిరక్కుండానే.